కాలపరిమితి డిపాజిట్: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో పొదుపు

కొంత సొమ్మును ముందే ఒప్పుకున్న వడ్డీకి, ముందే ఒప్పుకున్న గడువు వరకు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో కదపకుండా ఉంచడాన్ని కాలపరిమితి డిపాజిట్ అంటారు. కామారెడ్డి బజారులో దీన్ని ‘ఫిక్స్ చేయడం’ అనే అంటారు, బ్యాంకు ఇచ్చే రసీదును బాండు అంటారు. డిపాజిట్ వేసిన రోజున ఖరారైన వడ్డీ రేటు గడువు తీరే వరకు మారదు. ఆ తర్వాత బయట రేట్లు పెరిగినా తగ్గినా ఆ బాండుకు సంబంధం లేదు.

డిపాజిట్ వేయబోయేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ‘ఎక్కడ మిత్తి (వడ్డీ) ఎక్కువ?’ అన్నది. నిజానికి అది మూడో ప్రశ్న కావాలి. ఈ సొమ్ముతో మళ్లీ ఎప్పుడు పని పడుతుంది అన్నది మొదటిది. ఎవరి పూచీ మీద ఉంచుతున్నాం అన్నది రెండోది. ఈ రెండూ తేలాక మిగిలే రేటు తేడా చాలాసార్లు అర శాతానికి మించదు. గడువు తప్పుగా ఎంచుకుంటే పోయేది అంతకంటే ఎక్కువ.

ఈ ప్రాంతంలో సొమ్ము చేతికొచ్చే తీరు

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి దాని రెవెన్యూ డివిజన్లు. జిల్లా కేంద్రం 44వ నంబరు జాతీయ రహదారి మీద, సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గంలో ఉన్న వ్యాపార పట్టణం. బెల్లం, బియ్యం వ్యాపారానికి పేరున్న ఊరు. ఎల్లారెడ్డి వైపు పోచారం ప్రాజెక్టు నీళ్లు, దానికి అవతల మంజీర మీద నిజాంసాగర్, మిగతా చోట్ల చెరువులు, బోర్లు. ఎక్కువగా వరి, చెరకు, మొక్కజొన్న పండిస్తారు.

నెలనెలా జీతం అందుకునేవారు ఇక్కడ తక్కువ. రైతుకు సొమ్ము ఏడాదిలో రెండుసార్లు, కొనుగోలు కేంద్రంలో వడ్లు తూకమయ్యాక ఖాతాలో పడుతుంది. వానాకాలం పంటది చలికాలం మొదట్లో, యాసంగిది ఎండాకాలం చివర్లో వస్తుంది. బీడీలు చుట్టే మహిళల కూలి వచ్చింది వచ్చినట్టే ఇంట్లో ఖర్చవుతుంది. వాళ్లకు పెద్ద మొత్తం కనపడేది పని మానేశాక చేతికందే ప్రావిడెంట్ ఫండ్ రూపంలోనే. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లకు డబ్బు నెలనెలా వస్తున్నా, మొదటి ఒకటి రెండేళ్లు వీసా అప్పు కిందే పోతుంది. మిగులు ఆ తర్వాతే కనిపిస్తుంది. రిటైరైన ఉపాధ్యాయుడికి గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము ఒకేసారి వస్తాయి. రోడ్డు పక్కన ఎకరం అమ్మినవాళ్లకు జన్మలో ఒక్కసారి వస్తుంది.

ఇన్ని రకాల సొమ్ముకు ఒకే సలహా సరిపోదు. వడ్లు అమ్మిన డబ్బుకు తర్వాతి పంట పెట్టుబడి, జూన్‌లో పిల్లల ఫీజులు ఎదురుచూస్తుంటాయి. ఉపాధ్యాయుడి గ్రాట్యుటీకి అలాంటి తేదీ ఏదీ లేదు, దాని మీద ఇరవై ఏళ్లు బతకాలి.

ఎవరి పూచీ

నిజాం కాలంలో 1941 చట్టంతో పుట్టి, 1942లో పని మొదలుపెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ ప్రాంతంలో ఆధునిక బ్యాంకింగ్‌కు మూలం. తర్వాత అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఎస్‌బీహెచ్ అనే అంటారు. పల్లెలకు చేరువైంది గ్రామీణ బ్యాంకు. నిజామాబాద్ కేంద్రంగా నడిచిన శ్రీరామ గ్రామీణ బ్యాంకు 2006లో మరో మూడింటితో కలిసి దక్కన్ గ్రామీణ బ్యాంకుగా మారింది. 2014లో దాని పేరు తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయింది. 2025 జనవరి 1 నుంచి తెలంగాణలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు కూడా ఇందులోకే వచ్చాయి. పేర్లు ఇన్నిసార్లు మారినా పాత బాండ్లు చెల్లుతాయి. విలీనమైన బ్యాంకు బాకీలన్నీ కొత్త బ్యాంకు మీదికి వస్తాయి.

వీటితో పాటు ఉమ్మడి జిల్లా నాటి నిజామాబాద్ జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, దాని కింద ఊళ్లలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు ఉన్నాయి. ఈ సంఘాలనే జనం సొసైటీ అంటారు. ఇక్కడే ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, పట్టణ సహకార బ్యాంకుల డిపాజిట్లకు రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ అయిన ‘డిపాజిట్ బీమా, రుణ హామీ సంస్థ’ బీమా ఇస్తుంది. ప్రాథమిక సంఘంలో నేరుగా వేసిన డిపాజిట్‌కు ఆ బీమా వర్తించదు. సొసైటీ బోర్డు, కేంద్ర బ్యాంకు బోర్డు పక్కపక్కనే ఉన్నా రసీదు మీద ఎవరి పేరుందో చూసుకోవాలి.

ఈ బీమా పరిమితి 1993 నుంచి లక్ష రూపాయలుండేది. 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలకు పెరిగింది. ఒక మనిషికి ఒక బ్యాంకులో ఉన్న అన్ని ఖాతాల అసలు, వడ్డీ కలిపి ఆ 5 లక్షలు. కామారెడ్డి శాఖలో 4 లక్షలు, ఎల్లారెడ్డి శాఖలో 4 లక్షలు వేసినా బ్యాంకు ఒకటే కాబట్టి బీమా 5 లక్షలకే. అదే సొమ్మును రెండు వేర్వేరు బ్యాంకుల్లో వేస్తే మొత్తానికీ రక్షణ ఉంటుంది. భార్యాభర్తలు ఉమ్మడిగా తెరిచిన ఖాతాను ఒక్కరి పేరు మీదున్న ఖాతాతో కలపరు, దాన్ని విడిగా లెక్కిస్తారు. వడ్డీ చేరాక కూడా పరిమితి దాటకూడదనుకుంటే 5 లక్షలకు కొంత తగ్గించి వేయాలి. రిజర్వు బ్యాంకు ఏదైనా బ్యాంకు చెల్లింపుల మీద ఆంక్షలు పెడితే, డిపాజిటరుకు బీమా సొమ్ము 90 రోజుల్లో అందాలని 2021లో చట్టం సవరించారు.

పోస్టాఫీసుది వేరే దారి. అక్కడి డిపాజిట్‌కు కేంద్ర ప్రభుత్వమే పూచీ కాబట్టి 5 లక్షల గీత లేదు.

ఈ జాగ్రత్తలు ఊరికే చెబుతున్నవి కావు. 2001లో కృషి సహకార పట్టణ బ్యాంకు కూలినప్పుడు జంట నగరాల డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. ఆ తర్వాత అగ్రిగోల్డ్ వంటి సంస్థలు బ్యాంకు కంటే ఎక్కువ ఇస్తామని, స్థలాలు చూపిస్తామని రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షలాది కుటుంబాల దగ్గర వసూలు చేసి చేతులెత్తేశాయి. వాటిని నమ్మి ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది కూలీలు, చిరు వ్యాపారులు. ఏజెంటు తెలిసినవాడు, తరచుగా బంధువు. పేరులో ‘నిధి’, ‘క్రెడిట్ సొసైటీ’, ‘మల్టీ స్టేట్’ వంటి మాటలున్న సంస్థ సొమ్ము అడిగినప్పుడు డిపాజిట్ బీమా ఉందా అని అడగడం అవమానం కాదు, హక్కు.

ఊళ్లో ఇచ్చే వడ్డీతో పోలిక కూడా ఇక్కడే తేల్చుకోవాలి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్ష మీద 24,000 వస్తుంటే బ్యాంకు ఇచ్చే ఆరేడు వేలు ఎవరికి ఆనుతాయి? కానీ ఆ తేడా అంతా అసలు తిరిగి రాకపోయే ప్రమాదానికి ధర. ప్రామిసరీ నోటు మీద కోర్టుకు వెళ్లే గడువు మూడేళ్లే. పంట పోయిన ఏడాది తీసుకున్నవాడు ఇవ్వలేడు, అడిగేవాడికీ అదే ఏడాది అవసరం. ఊరంతటికీ ఒకేసారి కష్టం వచ్చే చోట ఊళ్లోనే అప్పిచ్చిన సొమ్ము కష్టకాలానికి అక్కరకు రాదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానల్లో ఇళ్లు, పొలాలు, రోడ్లు ఒక్క దెబ్బకు పాడయ్యాయి. అలాంటి వారంలో బాకీదారుడి గడప తొక్కి లాభం లేదు, బ్యాంకు బాండు మాత్రం పనికొస్తుంది.

గడువు

డిపాజిట్ 7 రోజుల నుంచి 10 ఏళ్ల వరకు వేయవచ్చు. అన్ని గడువులకూ రేటు ఒకటే కాదు. గడువు పెరిగితే రేటు తప్పకుండా పెరుగుతుందనీ లేదు. చాలా బ్యాంకుల్లో ఏడాది నుంచి మూడేళ్ల మధ్య ఎక్కడో ఒక చోట రేటు గరిష్ఠంగా ఉండి, అయిదేళ్లు దాటాక తగ్గుతుంది. 400 రోజులు, 444 రోజులు అంటూ బ్యాంకులు ప్రకటించే ప్రత్యేక పథకాలు కూడా ఆ మధ్య భాగంలోనివే.

గడువుకు ముందే తీసుకుంటే నష్టం ఎలా వస్తుందో చాలామందికి కౌంటర్ దగ్గర చెప్పరు. లక్ష రూపాయలు అయిదేళ్లకు 6.5 శాతానికి వేశారనుకుందాం. పద్నాలుగు నెలలకు తీసుకోవలసి వచ్చింది. అప్పుడు 6.5 లెక్కలోకి రాదు. డిపాజిట్ వేసిన రోజున ఏడాది గడువుకు ఎంత రేటుందో చూస్తారు. అది 6.25 అయితే అందులోంచి జరిమానాగా అర శాతం తీసి 5.75 ఇస్తారు. పెద్ద మొత్తాలకు జరిమానా ఒక శాతం వరకు ఉంటుంది. మొదటే ఏడాదికి వేసి ఉంటే 6.25 పూర్తిగా వచ్చేది. జరిమానా లెక్క బ్యాంకును బట్టి మారుతుంది కాబట్టి వేసే రోజే అడిగి తెలుసుకోవాలి. అసలు మధ్యలో తీసుకునే వీలే లేని డిపాజిట్లు కూడా కొన్ని ఉన్నాయి. కోటి రూపాయల లోపు వ్యక్తిగత డిపాజిట్లు వేసేవారికి మధ్యలో తీసుకునే వీలు తప్పనిసరిగా ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. పన్ను మినహాయింపు కోసం వేసే అయిదేళ్ల డిపాజిట్ దీనికి మినహాయింపు, దాన్ని మధ్యలో కదపలేరు.

పోస్టాఫీసులో 1, 2, 3, 5 ఏళ్ల గడువులే ఉన్నాయి. మొదటి మూడింటిలో ఆరు నెలల లోపు తీసుకోలేరు. ఆరు నెలల నుంచి ఏడాది లోపు తీసుకుంటే పొదుపు ఖాతా వడ్డీయే, అంటే 4 శాతం, వస్తుంది. అయిదేళ్లదైతే 2023 నవంబరు నుంచి నాలుగేళ్లు నిండే వరకు తీసుకునే వీలు లేదు. యాసంగి పైసలను పోస్టాఫీసు అయిదేళ్ల డిపాజిట్‌లో వేసి, వానాకాలం నాట్లకు బయట రెండు రూపాయల మిత్తికి తెచ్చుకునే రైతుకు మిగిలేది నష్టమే. ఆ సొమ్ము బ్యాంకులో ఆరు నెలలకు వేస్తే రేటు కాస్త తక్కువే, కానీ నాట్ల నాటికి చేతిలో ఉంటుంది.

అందుకే మొత్తాన్ని ఒకే బాండుగా వేయకూడదు. ఎకరం అమ్మగా 6 లక్షలు మిగిలాయనుకుంటే రెండేసి లక్షల చొప్పున ఏడాదికి, రెండేళ్లకు, మూడేళ్లకు మూడు బాండ్లు వేయవచ్చు. మొదటిది తీరినప్పుడు దాన్ని మళ్లీ మూడేళ్లకు వేస్తారు. ఏటా ఒక బాండు చేతికొస్తుంది, రేట్లు పడిపోయిన ఏడాదిలో మొత్తం సొమ్మూ ఒకేసారి ఇరుక్కోదు. ఆస్పత్రి ఖర్చు వచ్చిపడితే ఒక్క బాండు మాత్రమే విడగొడతారు, మిగతావి అలాగే ఉంటాయి. ఈ ప్రాంతానికి ఇంతకంటే తగిన పద్ధతి మరొకటి కనిపించదు.

కొద్ది నెలల అవసరమైతే బాండు విడగొట్టడం కంటే దాని మీద అప్పు తీసుకోవడం మేలు. బ్యాంకులు సాధారణంగా బాండు విలువలో 90 శాతం వరకు, డిపాజిట్ రేటు కంటే ఒక శాతం ఎక్కువకు ఇస్తాయి. లక్ష బాండు మీద 20,000 రెండు నెలలకు 7.5 శాతం చొప్పున తీసుకుంటే వడ్డీ 250 రూపాయలు. అదే 20,000 ఊళ్లో రెండు రూపాయలకు తెస్తే 800.

వడ్డీ లెక్క

బ్యాంకులు మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి. లక్ష రూపాయలు 7 శాతానికి అయిదేళ్లు కదపకుండా ఉంచితే 1,41,478 అవుతుంది. వడ్డీని మూడు నెలలకోసారి తీసుకుంటే ప్రతిసారీ 1,750 వస్తుంది, అసలు లక్ష దగ్గరే ఉంటుంది. నెలనెలా కావాలంటే ఇంకాస్త తగ్గించి, 580 రూపాయల దాకా ఇస్తారు. ఇంటి ఖర్చుకు అక్కరలేనప్పుడు నెలవారీ వడ్డీ ఎంచుకోవడం దండగ. ఆ చిల్లర పొదుపు ఖాతాలో పడి ఖర్చయిపోతుంది.

పోస్టాఫీసు రేటును బ్యాంకు రేటుతో పోల్చేటప్పుడు పొరపాటు జరిగే చోటు కూడా ఇదే. 2024, 2025 సంవత్సరాల్లో పోస్టాఫీసు డిపాజిట్ రేట్లు ఏడాదికి 6.9, రెండేళ్లకు 7.0, మూడేళ్లకు 7.1, అయిదేళ్లకు 7.5 శాతం. 7.5 చూడగానే 7 కంటే మంచిదనిపిస్తుంది. అయితే పోస్టాఫీసు వడ్డీని మూడు నెలల లెక్కన కట్టినా ఏడాదికోసారి చెల్లిస్తుంది. తీసుకోకుండా వదిలేసిన వడ్డీ మీద మళ్లీ వడ్డీ ఇవ్వదు. లక్ష మీద ఏటా 7,714 చొప్పున అయిదేళ్లకు 38,570 వస్తుంది. బ్యాంకులో 7 శాతానికి చక్రవడ్డీతో వచ్చిన 41,478 దీని కంటే ఎక్కువ. ఏటా వడ్డీ తీసుకుని వాడుకునే వారికి, ఉదాహరణకు ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము మీద బతికే బీడీ కార్మికురాలికి, పోస్టాఫీసే మేలు. కూడబెట్టడమే పనైతే అదే కౌంటర్లో దొరికే జాతీయ పొదుపు పత్రం నయం. 7.7 శాతం రేటు మీద అది లక్షను అయిదేళ్లలో 1,44,903 చేస్తుంది, కానీ మధ్యలో దాన్ని దాదాపు ముట్టుకోలేరు. అరవై నిండినవారికి బ్యాంకులు అర శాతం అదనంగా ఇస్తాయి. వాళ్లు మామూలు డిపాజిట్ కంటే ముందు, ఇదే కాలంలో 8.2 శాతం ఇచ్చిన సీనియర్ సిటిజన్ల పొదుపు పథకాన్ని చూడాలి. దాని పరిమితి 30 లక్షలు.

రేట్లు కాలాన్ని బట్టి ఎంత మారతాయో కిసాన్ వికాస్ పత్రం చెబుతుంది. 1988లో మొదలైనప్పుడు అది సొమ్మును అయిదున్నరేళ్లలో రెట్టింపు చేసేది. ఇటీవలి రేటుకు 115 నెలలు, అంటే తొమ్మిదిన్నరేళ్లకు పైగా పడుతుంది. నాటి అనుభవంతో నేడు లెక్కలు వేసే తల్లిదండ్రులు బిడ్డ పెళ్లి నాటికి చేతికొచ్చే మొత్తాన్ని ఎక్కువగా ఊహించుకుంటారు. 2025లో రిజర్వు బ్యాంకు, బ్యాంకులకు తాను అప్పిచ్చే రెపో రేటును 6.5 నుంచి విడతలుగా 5.25 శాతానికి తగ్గించింది. ఆ ఏడాది బ్యాంకు డిపాజిట్ రేట్లు దాని వెంటే దిగాయి. ముందు ఏడాది మూడేళ్లకు వేసినవారికి మాత్రం పాత రేటే నడిచింది. ధరల పెరుగుదలను కూడా తీసేసి చూడాలి. 2024-25లో దేశంలో వినియోగ ధరలు సగటున 4.6 శాతం పెరిగాయి. అందువల్ల 7 శాతం డిపాజిట్ మీద నిజంగా పెరిగింది రెండున్నర శాతం లోపే. సంపద పెంచడానికి డిపాజిట్ చాలదు, ఉన్నది పోకుండా కాపాడడానికి పనికొస్తుంది.

గల్ఫ్ సొమ్ము, పన్ను

విదేశంలో పనిచేసేవారు తమ పేరు మీద ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచి అందులో డిపాజిట్ వేసుకోవచ్చు. దాని వడ్డీకి భారత్‌లో ఆదాయపు పన్ను లేదు. కనీస గడువు ఏడాది. అంతకు ముందే తీస్తే వడ్డీ ఒక్క రూపాయి కూడా రాదు. విదేశంలో ఉన్నవారు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే ఎన్‌ఆర్‌ఓ ఖాతా వడ్డీ మీద మాత్రం 30 శాతం, దానిపై సెస్సు కలిపి, ముందే కోసుకుంటారు. దుబాయి, సౌదీ, కువైట్‌లలో పనిచేసే చాలామంది ఇవేవీ లేకుండా తండ్రి పేరు మీదో అన్న పేరు మీదో పంపి ఆ పేరు మీదే ఫిక్స్ చేయిస్తారు. చట్టం దృష్టిలో ఆ బాండు ఎవరి పేరు మీదుంటే సొమ్ము వారిదే. తండ్రి పోయాక అన్నదమ్ముల పంపకంలో ఆ బాండు కూడా వస్తే, పదేళ్లు ఎడారిలో చెమటోడ్చినవాడు తన కష్టానికి తానే వాటా అడగాల్సి వస్తుంది. ఎన్‌ఆర్‌ఈ ఖాతా తనదిగా ఉంచుకుని, ఇంటి ఖర్చుకు తీసుకునే అధికారం మాత్రం భార్యకు రాసివ్వడం మేలు. తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడ్డాక ఆ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. అప్పటి నుంచి వడ్డీకి పన్ను వర్తిస్తుంది.

పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. ఆ పంట సొమ్మునే డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీకి మాత్రం ఉంటుంది. రైతులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 2025-26లో ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే, అరవై నిండినవారికి లక్ష దాటితే, బ్యాంకు 10 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాల్సి ఉండేది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాని వారు ఆ ఏడాది మొదట్లోనే 15జీ, అరవై నిండితే 15హెచ్ ఫారం ఇస్తే కోత ఉండేది కాదు. అప్పటికే కోసేస్తే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు.

రసీదు, నామినీ, గడువు తర్వాత

బాండు చేతికి రాగానే పేరు, మొత్తం, రేటు, గడువు తేదీ, నామినీ పేరు చదువుకోవాలి. డిపాజిట్ కోసమే వెళ్లి, సంతకం పెట్టిన కాగితం బీమా పాలసీ అని ఏడాది తర్వాత తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. ఏటా కట్టాల్సిన ప్రీమియం అనే మాట కాగితంలో కనిపిస్తే అది డిపాజిట్ కాదు.

నామినీ పేరు లేకపోతే వారసులు తహసీల్ కార్యాలయం, కోర్టు చుట్టూ ధ్రువపత్రాల కోసం తిరగాల్సి రావచ్చు. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి వరకు నామినీలను, ఎవరికి ఎంత వాటా అన్నదానితో సహా, రాసే వీలు వచ్చింది. పాత బాండ్లకూ ఇప్పుడు రాయించుకోవచ్చు.

గడువు తీరాక ఏం చేయాలో ముందే చెప్పకపోతే చాలా బ్యాంకులు అదే గడువుకు, ఆ రోజున్న రేటుకు మళ్లీ వేసేస్తాయి. అలా వేయకుండా ఉండిపోతే, 2021 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం పొదుపు ఖాతా రేటు, పాత డిపాజిట్ రేటు రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. పదేళ్ల పాటు ఎవరూ అడగని సొమ్మును బ్యాంకు రిజర్వు బ్యాంకు నిధికి పంపుతుంది. అయినా అది పోయినట్టు కాదు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తెరిచిన ఉద్గమ్ వెబ్‌సైటులో పేరు, పాన్ లేదా పుట్టిన తేదీ వంటి వివరాలతో వెతికితే ఏ బ్యాంకులో ఉందో తెలిసే అవకాశం ఉంది. ఆ బ్యాంకు శాఖకు ఆధారాలు తీసుకెళ్తే డిపాజిటరుకు లేదా వారసులకు సొమ్ము ఇవ్వాల్సిందే. పాత ఎస్‌బీహెచ్ బాండు అయితే భారతీయ స్టేట్ బ్యాంకు శాఖలో, శ్రీరామ గ్రామీణ బ్యాంకుదైతే తెలంగాణ గ్రామీణ బ్యాంకు శాఖలో అడగాలి.